నీటితో నీటిని తోడిన ఊరు

దేశాల తలరాతని నేలా, నీళ్ళూ, వాతావరణమే రాస్తాయనే వాదన కొత్తది కాదు. జారెడ్ డైమండ్ 1997లో అచ్చు వేసిన ‘గన్స్, జెర్మ్స్ అండ్ స్టీల్’ మీలో చాలామంది చదివే ఉంటారు. ఖండాల లెక్కలో ఆ వాదన నాకు నచ్చుతుంది. ఒక్క ఊరికి అన్వయించబోతే మాత్రం అంత సాఫీగా సాగదు. నేనుంటున్న క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ సంగతే చూడండి.

జర్మనీ మధ్యలో, హార్ట్స్ కొండల మీద, 550 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది ఈ ఊరు. చలికి గింజ పండదు. వాన మాత్రం దండిగా పడుతుంది. నేల కింద వెండీ సీసమూ ఉన్నాయి. మధ్యయుగాల్లోనే తవ్వకాలు సాగాయి. 1350 ప్రాంతంలో ప్లేగు వచ్చాక జనం వెళ్ళిపోయారు. తర్వాత నూట యాభై ఏళ్ళకి పైగా ఇక్కడ అడవే. అదే కొండ, అదే వాన, అదే వెండి. తవ్వేవాడే లేడు.

మళ్ళీ జనాన్ని రప్పించింది ప్రభువుల కాగితాలు. 1532లో జెల్లర్‌ఫెల్డ్‌కీ, 1554లో క్లాస్తాల్‌కీ గని పనివాళ్ళ హక్కులు ఇచ్చారు. పన్నుల మినహాయింపు, అడవిలో కలప, వాగుల నీళ్ళ మీద హక్కు. సాక్సనీ వైపు కొండల నుంచి కుటుంబాలకి కుటుంబాలే తరలివచ్చాయి. ఇక్కడి పాత యాసలో ఆ మూలం ఇప్పటికీ వినపడుతుందంటారు. (వలస వెళ్ళినవాళ్ళ భాష గట్టిదే సుమా!)

గని లోతుకి వెళ్ళేకొద్దీ నీరు ఊరుతుంది. తోడడానికి దగ్గర్లో బొగ్గు లేదు. అందుకని పైన పడే వాననీటిని చెరువుల్లో పట్టి, కాలువల్లో నడిపి, దానితో చక్రాలు తిప్పి, అడుగున ఊరే నీటిని పైకి తోడారు. మొత్తం 140కి పైగా చెరువులు, సుమారు 500 కిలోమీటర్ల కాలువలు. దూరపు కొండ నీళ్ళని పల్లం దాటించడానికి 1732-34లో దాదాపు కిలోమీటరు పొడవున మట్టికట్ట పోసి, దాని మీద కాలువ నడిపారు. నీళ్ళు చాలని రోజులకి గాలిమరలు పెడదామని 1680ల్లో తత్వవేత్త లైబ్నిట్స్ ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. కుదరలేదు.

ఈ చెరువులు చూసినప్పుడల్లా నాకు వరంగల్లే గుర్తొస్తుంది. మట్టికట్ట, నీరు కారకుండా గడ్డిపెళ్ళల పొర, అడుగున బిరడా ఉన్న తూము, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండడం - అచ్చంగా మన గొలుసుకట్టే. గణపతిదేవుడి కాలంలో వెలసిన రామప్ప, పాకాల చెరువులు వీటికన్నా మూడు వందల ఏళ్ళు పాతవి. వాళ్ళది వరి కోసం, వీళ్ళది వెండి కోసం, అంతే తేడా. అన్నం మాత్రం వీళ్ళకి బయటినుంచే రావాలి. 1719-22లో కొండ కిందున్న ఓస్టెరోడెలో పెద్ద ధాన్యాగారం కట్టి పనివాళ్ళకి గింజలు చవగ్గా అమ్మారు. అది లేకపోతే ఈ చక్రాలు ఎన్నాళ్ళు తిరిగేవో!

1834లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనపతీగలు పేని తాడు చేసిందీ ఈ ఊళ్ళోనే. లోతు గనుల్లో నార తాళ్ళు తెగడం, గొలుసులు విరగడం చూసి చూసి చేసిన పని అది. అయినా 1840ల చివరికి పని చాలక, ప్రభుత్వమే దారిఖర్చు సాయం చేసి, వెయ్యి మందికి పైగా ఆస్ట్రేలియాకి పంపించింది. 1883లో అదే ఖండంలో బ్రోకెన్ హిల్ ఖనిజం బయటపడింది. అక్కడ నేల మీదే దొరికేదానికి ఇక్కడ పాతాళంలోంచి తీసినది ధరలో ఎలా పోటీపడుతుంది? ఆర్థిక మాంద్యంలో, 1930లో, ఊళ్ళో గనులు మూతపడ్డాయి. ఖనిజం పూర్తిగా అయిపోయి కాదు.

ఆ తర్వాతా 1980 దాకా ఆ గని బావుల్లోకి నీళ్ళు దించి కరెంటు తీశారు. 1775లో గనివాళ్ళ కోసం మొదలైన చదువు యూనివర్సిటీ అయింది, ఊరిని బతికించింది. ఇవాళ అక్కడ మన పిల్లలూ చదువుతున్నారు. చుట్టుపక్కల మట్టిలో మాత్రం సీసం ఇంకా ఉంది. వెండి తిన్నవాళ్ళు ఎప్పుడో పోయారు, పెరట్లో కూరలు వేసేవాళ్ళు ఆలోచించి వేస్తున్నారు.

హార్ట్స్ నీటి ఏర్పాటుకి 2010లో, రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడ 65 చెరువుల్ని ఒక నీటిసంస్థ జీతాలిచ్చి చూసుకుంటోంది. కట్ట మీద చెట్టు మొలిస్తే వేరు దిగకముందే పీకేస్తారు.