ఒకే పేరు, ఇద్దరు మనుషులు: జగ్గయ్యపేట, నందిగామ సీమల వంశచరిత్ర

జగ్గయ్యపేట స్తూపం వద్ద 1882లో జేమ్స్ బర్జెస్ వెలికితీసిన ఆయక స్తంభాల మీద, అంటే స్తూపానికి నాలుగు దిక్కులా ఉండే వేదికలపై నిలిపిన స్తంభాల మీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు దానశాసనం ఉంది. దాత శిల్పి సిద్ధార్థుడు. తండ్రి నాకచంద్రుడు, తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు బుధినక, అతని భార్య కనిక, వారి బిడ్డలు నాగసిరి, చందసిరి, సిధతనిక కూడా అందులో పేర్కొనబడ్డారు. తాత పేరులోని భాగాలు మనుమల పేర్లలో మళ్ళీ వినిపిస్తాయి, సోదరుని కూతురి పేరులో సిద్ధార్థుని పేరే పలుకుతుంది. అయినా ఎవరు ఎవరో చదువరి తికమకపడడు, ఎందుకంటే ప్రతి పేరుకూ బంధుత్వం, దాతకు స్వగ్రామమూ నివాసగ్రామమూ జతచేయబడ్డాయి.

ఈ సీమను ఏలిన వాసిరెడ్డి వంశంలోనూ పేర్లు తరాలు దాటి తిరిగి వచ్చాయి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరిట బేతవోలును జగ్గయ్యపేటగా తీర్చిదిద్దాడు. అతని దత్తపుత్రుడు జగన్నాథబాబు పేరు కూడా ఆ తాత పేరుకు రూపాంతరమే. ఆ తరువాత వెంకటాద్రి రామనాథబాబును కూడా దత్తు తీసుకున్నాడు. 1816లో వెంకటాద్రి మరణించాక వారసత్వ వివాదం దశాబ్దాలపాటు న్యాయస్థానాల్లో నడిచి, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు, అంటే వలస రాజ్యాల అంతిమ అప్పీలు న్యాయపీఠానికి చేరింది. ఆ కుటుంబానికి చెందిన రంగమ్మ, అచ్చమ్మల మధ్య సాగిన ఆ వ్యాజ్యంలో 1846లో, మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదన్న తీర్పు వెలువడింది.

పేర్లు తరాలు దాటి తిరిగి రావడమనే చిక్కు నేటి ఉమ్మడి ఆన్‌లైన్ వంశవృక్షాల్లో వేరొక రూపంలో తలెత్తుతోంది. 2007లో మొదలైన జెని, 2008లో వచ్చిన వికీట్రీ వంటి వేదికల్లో ఒక్కో వ్యక్తికి ఒక్కటే ప్రొఫైల్, అంటే పేరు, జనన మరణాలు, బంధుత్వాలు నమోదైన పుట, ఉండాలన్నది నియమం. అందుచేత వేర్వేరు బంధువులు చేర్చిన ప్రతులను విలీనం చేస్తారు. తాత, మనుమడు ఒకే పేరుతో ఉన్నప్పుడు ఇద్దరినీ ఒకరిగా కలిపివేసే ప్రమాదం ఉంది. పుట్టింటి పేరుతో ఒకసారి, మెట్టినింటి పేరుతో ఒకసారి నమోదైన స్త్రీ ఇద్దరిగా మిగిలిపోవచ్చు. మేనరికం చేసుకున్నవారు రెండు కొమ్మల్లోనూ కనిపించి రెండు ప్రతులుగా నిలవవచ్చు. ఊరి విషయంలోనూ జాగ్రత్త అవసరం: 2022లో జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి కనుక, జిల్లా పేరు తేడా ఉన్నంతమాత్రాన ఇద్దరు వేర్వేరు మనుషులని నిర్ధారించరాదు.

కనుక విలీనానికి ముందు ఇంటిపేరు, గోత్రం, ఊరు, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, తరం అనే ఆనవాళ్ళను కలిపి చూడాలి. పేరొక్కటి కుదిరినంత మాత్రాన నిర్ణయానికి రాకూడదు. పూర్వం దాతల కుటుంబాల గోత్రాలను, వంశక్రమాలను కంఠస్థంగా పాడిన వంశరాజులు, అంటే పిచ్చుకగుంట్లవారు, అనుసరించిన క్రమం కూడా ఇటువంటిదే. ఒక వివరంపై రెండు మాటలుంటే, దస్తావేజు ఏది, నోటిమాట ఏది అని గుర్తించి, ఆధారాన్ని పుటలోనే రాసి, రెండవ మాటను కూడా భద్రపరచాలి. దత్తత ఉన్నచోట కన్నవారిని, పెంచినవారిని విడివిడిగా చూపాలి; 1846 తీర్పు ఆస్తి ఎవరిదో తేల్చిందే గాని, రామనాథబాబు ఆ ఇంట పెరిగిన సత్యాన్ని చెరిపివేయలేదు.

శిల్పి సిద్ధార్థుడు తన ఇంటి కోడళ్ళను, బిడ్డలను పేరుపేరునా చెక్కించి నేటివరకూ గుర్తుండేలా చేశాడు. వంశవృక్షం పంచుకునే ప్రతి కుటుంబమూ అంత శ్రద్ధతో రాయాలి. సందేహం తీరేవరకు రెండు ప్రొఫైళ్ళను కలపకుండా ఉంచాలి. ఆలస్యమైన విలీనాన్ని ఎప్పుడైనా జరపవచ్చు గాని, తప్పుగా కలిపిన ఇద్దరు పూర్వీకులను విడదీయడానికి ఆధారాలు చెప్పగల పెద్దలు అప్పటికి మిగిలి ఉండకపోవచ్చు.