యంత్రం చూసిన 55వ ఎత్తు

యంత్రం చదరంగ స్థితిని ఎలా అంచనా కట్టాలో క్లాడ్ షానన్ 1950లోనే వివరించాడు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించాక, ఎవరిది పైచేయో బంట్ల లెక్కలో చెప్పే 'ఇంజిన్' అనే ప్రోగ్రామ్ ప్రతి అగ్రశ్రేణి ఆటగాడికీ అనివార్యమైంది.

అయితే ఇంజిన్‌కు దూరంగా ఎదిగిన ఆటగాడూ ఉన్నాడు. చెన్నైలో తెలుగు ఇంటిభాషగా నిలిచిన కుటుంబాలున్నాయి. అటువంటి కుటుంబంలో 2006లో పుట్టిన దొమ్మరాజు గుకేశ్‌ను, 2,500 రేటింగ్ దాటేదాకా శిక్షకుడు విష్ణు ప్రసన్న ఇంజిన్ వాడనివ్వకపోవడం ఇంజిన్ల చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ 14వ ఆటలో, ఒక బంటు తక్కువైనా డ్రా చేసుకోగల స్థితిలో ఉన్న గుకేశ్ ప్రత్యర్థి, తెల్లపావులతో ఆడిన డింగ్ లిరెన్, 55వ ఎత్తులో రూక్‌ను f2 గడికి జరిపి మార్పిడికి పిలిచాడు. ఇంజిన్ అంచనా ఒక్కసారిగా తలకిందులైంది. ఎందుకంటే రూక్‌లు పోయాక నల్ల బిషప్ d5కు రాగానే, a8 మూలలో చిక్కిన తెల్ల బిషప్‌కు మార్పిడి తప్ప దారిలేదు, మిగిలే రాజు–బంట్ల ముగింపులో నలుపుదే గెలుపు. ఇంజిన్ సాయం లేకుండానే గుకేశ్ దాన్ని బల్లముందు కనిపెట్టి, 7.5–6.5తో 18 ఏళ్లకే ప్రపంచ విజేతయ్యాడు. ఆ పోటీకి అతని సన్నాహక బృందంలో గుంటూరుకు చెందిన పెంటల హరికృష్ణ కూడా పనిచేశారు.