యంత్రమూ యాజమాన్యమూ: సోలాపూర్ తెలుగు పేటల్లో ఒక చదువు పుట్టుపూర్వోత్తరాలు

పశ్చిమ మహారాష్ట్రలో 1990ల్లో డిగ్రీ ముగించిన కుర్రవాళ్ల నోట తరచుగా వినిపించిన పేరు ఎం.సి.ఎం. పూర్తిగా చెప్పాలంటే మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ మేనేజ్‌మెంట్. పుణె విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈ రెండేళ్ల పట్టాలో ప్రోగ్రామింగ్, డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్ ఉండేవి. వాటి పక్కనే జమాఖర్చులు, సంస్థల నిర్వహణ, మనుషులను కూడగట్టి పని నడిపించే విద్యా ఉండేవి. అదే విశ్వవిద్యాలయంలో ఎం.సి.ఎ. కోర్సు ఒకటి మేనేజ్‌మెంట్ ఫ్యాకల్టీ కిందే నడిచింది. యంత్రం తెలిసినవాడికి వ్యాపారం తెలియాలి, వ్యాపారం చేసేవాడికి యంత్రం తెలియాలి అన్న ఈ ఆలోచనను చాలామంది కంప్యూటర్‌తోపాటు వచ్చిన కొత్త సంగతిగా చూశారు. సోలాపూర్‌లోని సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, పద్మానగర్, అశోక్ చౌక్ ప్రాంతాల తెలుగు ఇళ్లకు మాత్రం అది కొత్త కాదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడే ఆ పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఈ రెండు విద్యలనూ ఒకే కప్పు కింద నేర్చుకుంటూ వచ్చాయి. పట్టా దాని చివరి రూపం. దాని వెనక నూటయాభై ఏళ్ల నడక ఉంది.

ఆ నడక రైలుతో మొదలైంది. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలుమార్గం పడింది. అదే దశాబ్దంలో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు లేచింది. ఊరు నేటికీ దాన్ని జూనీ గిర్ణీ అనే పిలుస్తుంది. మిల్లు నూలు చేతికి అందే చోటు, గిరాకీ ఉన్న సంత, రాకపోకలకు రైలు: ఈ మూడూ కలిసిన ఊరు అప్పట్లో దక్కనులో అరుదు. 1876-78 కరువు దక్కనును కుదిపేసింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి నేతగాళ్లు మగ్గాలు విడిచి, మగ్గం పని మాత్రం వెంట తెచ్చుకుని, విడతలు విడతలుగా ఇక్కడికి చేరారు. ఆ శతాబ్దం ముగిసేసరికి లక్ష్మీ మిల్లు, హైదరాబాదుకు చెందిన రాజా నరసింగ్ గిర్జీ పేరిట మరో మిల్లు, తర్వాత విష్ణు, జామ్ మిల్లులు వరసగా వచ్చాయి. వచ్చినవారిలో కొందరు మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లారు. మరికొందరు బయటే ఉండి గ్రామసీమల ఆడవాళ్లు కట్టే రంగుల నూలు లుగడీలు నేశారు. మిల్లు వాటిని అంత చవగ్గా, అన్ని రకాల అంచులతో నేయలేదు కనుక మిల్లు పక్కనే చేతిమగ్గం బతికింది.

ఇక్కడే కార్ఖానా పుట్టింది. తెలంగాణ పల్లెలో నేతగాడి ఇల్లే మగ్గం గుంట. సోలాపూర్‌లో ఒకే కప్పు కింద పదేసి, ఇరవయ్యేసి మగ్గాలు చేరాయి. నడిపేవాడు కార్ఖానాదారు. నూలు అరువు తేవాలి, రంగు వేయించాలి, ఆసు పోయించాలి, పడుగు సిద్ధం చేయాలి, ఆడవాళ్లు చుట్టే కండెలు సమయానికి అందించాలి, పండగల ముందు ఏ రంగు అమ్ముడవుతుందో ముందే పసిగట్టాలి, వారం చివర కూలి లెక్క చూడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మగ్గం ఆగుతుంది. గోఖలే సంస్థ కోసం ఎన్.ఎం. జోషి 1936లో బొంబాయి దక్కను పట్టణాల చేతివృత్తుల మీద రాసిన గ్రంథం గాని, మన కాలంలో డగ్లస్ హేన్స్ పశ్చిమ భారత చిన్న పట్టణాల పెట్టుబడిదారీ విధానం మీద చేసిన పరిశోధన గాని చదివితే ఆ కార్ఖానాల లోపలి ఏర్పాటు ఎంత చిక్కనిదో తెలుస్తుంది. దాని చీకటి ముఖమూ తెలుస్తుంది. అడ్వాన్సు ఇచ్చి కూలీని కట్టిపడేయడం, అప్పు తీరక ఏళ్ల తరబడి అదే మగ్గం మీద కూర్చోవడం కూడా ఆ యాజమాన్యంలో భాగమే. ఘనత చెప్పి ఇది దాచితే చరిత్ర సగమే అవుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో తాడు లాగితే నాడె దానంతటదే పరుగెత్తే మగ్గం వచ్చింది. తర్వాత డాబీ, ఆపైన జకార్డు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి కరెంటు మగ్గాలు పేటల్లోకి అడుగుపెట్టాయి; తర్వాతి రెండు దశాబ్దాల్లో లుగడీ వెనక్కి తగ్గి, జకార్డు మీద నేసిన దళసరి చాదరు సోలాపూర్ పేరును ఇంటింటికీ చేర్చింది. మహారాష్ట్ర నుంచి తొలి విడతలోనే భౌగోళిక గుర్తింపు పొందిన సరుకుల్లో ఆ చాదరు ఒకటి. చిల్లుల అట్టలతో పువ్వు నేసే జకార్డు యంత్రం ఫ్రాన్సులో 1804 నాటిది. ఆ అట్టలను చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆదేశాలు ఇచ్చే పద్ధతి రూపొందించుకున్నాడన్న సంగతి కంప్యూటర్ చదివినవారందరికీ తెలుసు. సుమారు 24,000 అట్టలతో నేసిన జకార్డు పట్టు చిత్తరువును ఆయన తన ఇంట భద్రంగా ఉంచుకున్నాడు. ఆయన గురించి అంతగా చెప్పుకోని సంగతి మరొకటుంది. అదే బాబేజ్ కర్మాగారాలు తిరిగి, పని విభజన, కూలి, ఖర్చు, వృథా అన్నీ పరిశీలించి 1832లో యంత్రాలూ తయారీల ఆర్థికం మీద ఒక పుస్తకం రాశాడు. నేటి మేనేజ్‌మెంట్ శాస్త్రానికి పునాదిరాళ్లలో అదొకటి. కంప్యూటర్‌కు మూలపురుషుడు, కర్మాగార నిర్వహణకు తొలి శాస్త్రకారుడు ఒక్కడే కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. మగ్గాన్ని శ్రద్ధగా చూసినవాడికి ఆ రెండు ప్రశ్నలూ కలిసే వస్తాయి.

సోలాపూర్ రాజకీయ చైతన్యం గురించి ఇక్కడ ఒక్క మాట. 1930 మేలో స్వాతంత్ర్య పోరాటం సాగుతున్న ఈ ఊరి మీద మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న నలుగురు సోలాపూర్ వీరులను ఉరితీశారు. ఆ పోరాటానికి మిల్లు కార్మికుల పేటలు ఊపిరి పోశాయి. సంఘంగా నిలబడే ఆ అలవాటే తరవాతి కాలంలో సహకార సంఘాలకు, మార్కండేయ సహకార ఆసుపత్రికి, బడులకు దారితీసింది. ఈ ఊళ్లోనే 1882లో పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్ ఓడలు, విమానాలు, మోటార్ల పరిశ్రమలు స్థాపించి, 1941లో మన విశాఖపట్నంలో ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేయించాడు. తెలుగువాళ్లు సోలాపూర్‌కు మగ్గం తెస్తే, సోలాపూర్ బిడ్డ తెలుగు తీరానికి ఓడల నిర్మాణం తెచ్చాడు.

స్వాతంత్ర్యం తర్వాత యంత్రాన్నీ మనిషినీ కలిపి చూసే శాస్త్రం ప్రపంచంలో రూపుదిద్దుకుంటున్నప్పుడు, దాని ముఖ్య ప్రయోగం మన దేశపు నేత షెడ్డులోనే జరిగింది. అహ్మదాబాదు కాలికో మిల్లులో 1950ల మొదట్లో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. యంత్రాలు కొత్తవి, ఉత్పత్తి మాత్రం పెరగలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ 1953లో వచ్చి చూశాడు. ఒక్కొక్క కార్మికుడికి ఒక్కొక్క చిన్న పని అప్పగించి, ఎవరికీ మొత్తం మగ్గాల బాధ్యత లేకుండా చేసిన ఏర్పాటులో లోపం ఉందని గుర్తించాడు. కొన్ని మగ్గాలను కొందరు కలిసి చూసుకునే చిన్న బృందాలు ఉంటే ఎలా ఉంటుందన్నాడు. కార్మికులు ఆ ఆలోచనను తామే అందుకుని, తామే బృందాలు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, చెడిన గుడ్డ తగ్గింది. 1958లో రైస్ రాసిన పుస్తకంతో ఇది లోకానికి తెలిసింది. సాంకేతిక వ్యవస్థను, సామాజిక వ్యవస్థను విడదీసి ఏ ఒక్కదాన్నీ బాగుచేయలేమన్న సూత్రానికి బ్రిటన్ బొగ్గు గనులతోపాటు అహ్మదాబాదు మగ్గాలూ సాక్ష్యం ఇచ్చాయి. నేడు అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇంజనీరింగు, మేనేజ్‌మెంట్ కళాశాలలు కలిసి ఇచ్చే సిస్టమ్ డిజైన్ అండ్ మేనేజ్‌మెంట్ పట్టా దాకా ఆ ఆలోచన జాడ కనిపిస్తుంది. అహ్మదాబాదులోనే వస్త్ర పరిశ్రమ పరిశోధన కోసం 1947లో అటిరా వెలిసింది. దాన్ని నడిపిన విక్రమ్ సారాభాయ్ చొరవతోనే 1961లో ఐ.ఐ.ఎం. వచ్చింది, అటిరాలో కార్మికుల మనస్తత్వం మీద పనిచేసిన కమలా చౌదరి అక్కడి తొలి ఆచార్యుల్లో ఒకరు. భారతదేశపు మేనేజ్‌మెంట్ చదువు నేత మిల్లు గుమ్మం లోంచి వచ్చిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

కంప్యూటర్ చదువు మరో దారిన వచ్చింది. 1963లో కాన్పూర్ ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 చేరింది. దాని చుట్టూ పాఠాలు చెప్పి, ఒక తరాన్ని తయారుచేసినవారిలో ప్రొఫెసర్ వి. రాజారామన్ అగ్రగణ్యుడు. ఇంజనీర్లు మాత్రమే చాలరని, బి.ఎస్సీ., బి.కాం. చదివి లెక్కలు వచ్చినవారిని తీసుకుని వ్యాపార సంస్థల అవసరాలు తీర్చగల కంప్యూటర్ నిపుణులుగా తయారుచేయాలని 1980 ప్రాంతంలో ఆయన నేతృత్వంలోని సంఘం సిఫారసు చేసింది. దేశమంతటా ఎం.సి.ఎ. విస్తరణకు అదే ఊతం. ఆనాటి పాఠ్యప్రణాళికల్లో అకౌంటింగు, సంస్థల నిర్వహణ ఉండటం అందుకే. తెలుగునాట ఎం.బి.ఎ.కూ ఎం.సి.ఎ.కూ కలిపి ఐసెట్ అనే ఒకే ప్రవేశపరీక్ష పెట్టడంలోనూ ఆ చుట్టరికం కనిపిస్తుంది. తెలంగాణలో దాన్ని చాలా ఏళ్లు నిర్వహించింది వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం. సోలాపూర్ పద్మశాలీల తాతలు విడిచివచ్చిన ఓరుగల్లు సీమ అది.

సోలాపూర్‌లో 1983 ఒక మలుపు. ఆ ఏడు వాల్‌చంద్ పేరిట ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. అదే ఏడు మిలాన్ వస్త్రయంత్రాల ప్రదర్శనలో బోనాస్ అనే బ్రిటిష్ సంస్థ అట్టలు అక్కర్లేని ఎలక్ట్రానిక్ జకార్డును చూపించింది. అప్పటికి ఊళ్లో పెద్ద మిల్లుల వెలుగు తగ్గిపోతోంది. 1960ల్లో జూనీ గిర్ణీ మూతతో మొదలైన పతనం మిగతా మిల్లులకూ పాకింది. మగవాళ్లు కరెంటు మగ్గాల మీద, ఆడవాళ్లు ఇంట బీడీల చేటల ముందు రోజులు గడిపారు. బీడీ డబ్బు ఈ చరిత్రలో సరిగా రాయని అధ్యాయం. చాలా ఇళ్లలో పిల్లల బడి ఫీజు కట్టింది తల్లి చుట్టిన బీడీలే. కుచన్ ప్రశాల, ఎ.ఆర్. బుర్లా మహిళా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థల్లో ఈ పేటల పిల్లలు చదివారు. రాజకీయంగానూ అది పద్మశాలీల కాలం: 1980 నుంచి 1998 దాకా గంగాధర్ కుచన్, ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్ వరసగా లోక్‌సభలో సోలాపూర్‌కు ప్రతినిధులయ్యారు. ముగ్గురూ పద్మశాలీలే. మరోవైపు బీడీ కార్మికుల ఇళ్ల కోసం ఆడం నరసయ్య మాస్టారు చేసిన పోరాటం 2006లో కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేరిట పదివేల ఇళ్లకు, తర్వాత రేనగర్‌లో ముప్పైవేల ఇళ్ల పథకానికి దారితీసింది.

ఆ ఇళ్లు రాకముందే ఈ పేటల పిల్లలు పెద్ద చదువులకు వెళ్లసాగారు. పుణె నుంచి సోలాపూర్ మీదుగా హైదరాబాదుకు వెళ్లేది ఒకటే రహదారి. ఒక కొసన పుణె హింజవాడి ఐటీ పార్కు, మరో కొసన 1998లో తెరిచిన సైబర్ టవర్స్. కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ సమస్య ముంచుకొచ్చినప్పుడు రెండు వైపులా పిలుపులు వచ్చాయి. బి.కాం. చదివి ఎం.సి.ఎం. పట్టుకున్న నేతింటి పిల్లవాడికి అకౌంట్స్ ప్యాకేజీ చేయడం తేలిక. చిన్నప్పటి నుంచి వారం కూలి లెక్క రాసినవాడు కదా. అయితే వెళ్లినవారిలో తిరిగొచ్చినవారు తక్కువ. ఈ చదువు ఊరిని వదిలి వెళ్లడానికి టికెట్టుగా మారడం నన్ను బాధపెడుతుంది.

ఊరి కార్ఖానాలకు ఆ చదువు అవసరం పెరిగింది కూడా అప్పుడే. 1999లో యంత్రాల ఆధునికీకరణకు కేంద్రం అప్పు పథకం పెట్టింది. 2005 జనవరి 1తో అంతర్జాతీయ వస్త్ర కోటాలు పోయాయి; టెర్రీ తువ్వాళ్ల ఎగుమతికి తలుపులు తెరుచుకున్నాయి, పోటీ కూడా తలుపు తట్టింది. 2017లో జి.ఎస్.టి. వచ్చాక కాగితం మీద లెక్క రాసే చిన్న కార్ఖానాదారు సైతం కంప్యూటర్ ముందు కూర్చోక తప్పలేదు. నూలు ధర రోజురోజుకూ మారుతుంది. ఆర్డరు మూడు నెలల ముందు ఖాయమవుతుంది. కొత్త మగ్గం అప్పు వాయిదా నెల నెలా కట్టాలి. ఏ మగ్గం ఎంతసేపు ఆగింది, ఏ బీము ఎప్పుడు అయిపోతుంది, ఏ సరుకులో లాభం ఎంత అన్నది ఒకే చోట చూపే వ్యవస్థను రాయగలవాడు కావాలి. దాన్ని రాయడానికి కోడ్ తెలిస్తే చాలదు, ఆసు తెలియాలి, అరువు తెలియాలి.

2004లో శివాజీ విశ్వవిద్యాలయం నుంచి వేరుపడి సోలాపూర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒకే జిల్లా పరిధి ఉన్న అది ఇప్పుడు పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోల్కర్ పేరుతో నడుస్తోంది. 2020-21 నుంచి దేశమంతటా ఎం.సి.ఎ. మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. కాలం కుదించినప్పుడల్లా ముందు కోత పడేది నిర్వహణ పాఠాలకే, ఎందుకంటే కొలువుల పరీక్షల్లో వాటి మీద ప్రశ్నలు ఉండవు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ప్రోడక్ట్ డిజైన్ అండ్ మేనేజ్‌మెంట్ పేరుతో ఎం.టెక్. ఇస్తూ అదే కలయికను మరో రూపంలో తిరిగి నిలబెడుతున్న రోజుల్లో, సోలాపూర్ దాన్ని చేజార్చుకోవడం తగదు. చివరి సెమిస్టరు ప్రాజెక్టు కోసం విద్యార్థులు పుణె బస్సెక్కుతున్నారు. వారిలో సగం మందినైనా అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి. పారిశ్రామికవాడలోని టెర్రీ తువ్వాళ్ల షెడ్లలోకి పంపాలి; కార్ఖానాదారుల సంఘం భత్యం ఇవ్వాలి; బీడీ కార్మికుల ఇళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలకు అందులో ముందు చోటు దక్కాలి. ఒక జిల్లాకే పరిమితమైన విశ్వవిద్యాలయానికి ఇలాంటి నిర్ణయం ఒక్క అకడమిక్ కౌన్సిల్ సమావేశంలో తేల్చగలిగిన పని.