ఇంటర్ తర్వాత పారామెడికల్ డిప్లొమా: నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులు ఫీజు కట్టే ముందు ఇవి చూసుకోండి

నీట్ రాసినా సీటు రాలేదు.. డిగ్రీలో చేరితే ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలీదు.. ఇంటర్ బైపీసీ అయిన పిల్లలున్న ఇళ్లలో ఏటా వినిపించే మాటే ఇది. అప్పుడు ఎవరో ఒకరు పారామెడికల్ డిప్లొమా పేరు చెబుతారు. రెండేళ్లలో చదువు పూర్తి, ఆసుపత్రిలో పని. మంచి దారే. కానీ కాలేజీకి, మీరు చేరే కోర్సుకు గుర్తింపు లేకపోతే రెండేళ్ల కాలం, కట్టిన ఫీజు రెండూ పోయినట్టే. చేరే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు చూద్దాం.

ఏమిటీ కోర్సులు?

డాక్టరు, నర్సు కాకుండా ఆసుపత్రిని నడిపించే టెక్నీషియన్ల చదువులివి. ఏపీలో ఎక్కువగా వినిపించేవి..

• డీఎంఎల్‌టీ: రక్తం, మూత్రం, కళ్లె పరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్
• డీఎంఐటీ: ఎక్స్‌రే, సీటీ స్కాన్ వంటి ఇమేజింగ్ పనులు
• డయాలసిస్ టెక్నీషియన్: కిడ్నీ రోగులకు డయాలసిస్ మిషన్ నడపడం
• అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్
• ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్: కంటి పరీక్షల్లో సాయం

పని చిన్నదని అనుకోవద్దు. ల్యాబ్‌లో రక్తం తీసే ట్యూబుల మూతలకు రంగులుంటాయి. రక్తకణాల లెక్కకు వాడే ఊదా రంగు మూత ట్యూబులోని రక్తంతో పొటాషియం పరీక్ష చేస్తే, రిపోర్టులో పొటాషియం లేనంత ఎక్కువగా వస్తుంది. ఆ కాగితం చూసి డాక్టరు వైద్యం మొదలుపెడితే? అందుకే ఈ పనికి సరైన శిక్షణ, రిజిస్ట్రేషన్ అడుగుతారు.

ఎవరు చేరొచ్చు?

ఇంటర్ పాసై ఉండాలి. మొదటి ప్రాధాన్యం బైపీసీ వాళ్లకు. వాళ్లు లేకుండా సీట్లు మిగిలితే ఎంపీసీ, ఆ తర్వాత మిగతా గ్రూపులు. సాధారణంగా ఇంటర్ మార్కుల మెరిట్‌తోనే సీటిస్తారు.

ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ చదివినవాళ్లకు ఇంకో దారి ఉంది. ఏడాది పాటు ఆసుపత్రిలో అప్రెంటిస్‌షిప్ చేసి, పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయితే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు అప్లై చేసుకోవచ్చు. ఆ ఏడాది వదిలేస్తే సర్టిఫికెట్ ఉన్నా అర్హత రాదు.

నంద్యాలలో ఏముంది? ఆళ్లగడ్డ వాళ్లకు ఎలా?

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. 2023లో 150 ఎంబీబీఎస్ సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అంతకు ముందు నుంచే శాంతిరామ్ ప్రైవేటు మెడికల్ కాలేజీ ఉంది. టెక్నీషియన్ చదువుకు ఇది పెద్ద ప్లస్. కేసులు ఎక్కువగా వచ్చే పెద్దాసుపత్రిలోనే చేయి తిరుగుతుంది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు హైవే మీద బస్సులో సుమారు గంట ప్రయాణం. రోజూ వెళ్లి రావచ్చు. కానీ క్లినికల్ పోస్టింగులు పొద్దున్నే మొదలవుతాయి, కొన్నిసార్లు నైట్ డ్యూటీలూ పడతాయి. బస్సు టైములు, హాస్టల్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఏ కాలేజీలో ఏ కోర్సుకు ఎన్ని సీట్లు అనేది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడాలి.

గుర్తింపు ఎందుకంత ముఖ్యం?

రాష్ట్రంలో ఈ డిప్లొమాలను చూసేది ఏపీ పారామెడికల్ బోర్డు. కోర్సు అయ్యాక అక్కడ రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ నోటిఫికేషన్లలో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా అడుగుతారు.

2021లో కేంద్రం ఈ వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం కూడా తెచ్చింది. దాని ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిప్లొమా లేదా డిగ్రీలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. అది రెండు నుంచి నాలుగేళ్లలో పూర్తవ్వాలి. 'ఆరు నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్' అన్న బోర్డు కనిపిస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

పాసైతే చాలదు.. మార్కులూ కావాలి

ఏపీలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ వంటి పోస్టుల ఎంపికలో మొత్తం 100 మార్కులు. అందులో 75 అర్హత కోర్సు మార్కులకే. పాసై ఎన్నేళ్లయిందో దానికి ఏడాదికి 1 చొప్పున గరిష్ఠంగా 10. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు గరిష్ఠంగా 15. ఆరు నెలల సర్వీసుకు గిరిజన ప్రాంతంలో 2.5, గ్రామాల్లో 2, పట్టణాల్లో 1 మార్కు ఇస్తూ వస్తున్నారు.

డిప్లొమాలో 80 శాతం వస్తే 60 మార్కులు. 60 శాతం వస్తే 45. తేడా 15. పదేళ్లు ఎదురుచూసినా వచ్చేది 10 మార్కులే! అంటే రెండేళ్లు బద్ధకిస్తే ఆ లోటు చాలా ఏళ్లు వెంటాడుతుంది.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన 5 ప్రశ్నలు

1. ఈ ఏడాదికి, ఈ కోర్సుకే బోర్డు గుర్తింపు ఉందా? ఉత్తర్వు కాపీ చూపిస్తారా? వేరే కోర్సుకు ఉన్న గుర్తింపు మీకు పనికిరాదు.
2. ఎన్ని సీట్లకు అనుమతి? ఇప్పటికే ఎంతమందిని చేర్చుకున్నారు?
3. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో? అక్కడికెళ్లి ఒకసారి చూసి రండి.
4. పరీక్ష ఎవరు పెడతారు, సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంటుంది?
5. మొత్తం ఫీజు ఎంత? ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా?

ఆ కాలేజీలో పోయినేడు పాసైన ఇద్దరితో మాట్లాడండి. వాళ్లకు రిజిస్ట్రేషన్ వచ్చిందో లేదో అడిగితే సగం విషయం తేలిపోతుంది.

అమెరికాలోనూ ఇదే మాట

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో ల్యాబ్, ఎక్స్‌రే, రెస్పిరేటరీ థెరపీ టెక్నీషియన్లను తయారుచేస్తాయి. అక్కడున్న మన తెలుగువాళ్లు చేరేటప్పుడు కూడా ముందు చూసుకోవాల్సింది ఆ కోర్సుకు అక్రిడిటేషన్ ఉందా లేదా అనేదే. లేకపోతే లైసెన్సు, సర్టిఫికేషన్ పరీక్షల దగ్గరే ఇబ్బంది.

నంద్యాల అయినా, అమెరికా అయినా క్రమం ఒకటే: ముందు గుర్తింపు, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాతే ఫీజు. ఆ ఒక్క కాపీ చూడకుండా అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టొద్దు.