మాంసంలో కాదు, గ్రేవీలో ఉంది గోధుమ

స్టేక్ అంటే కాగిన ఇనుప పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చిన దళసరి మాంసం ముక్క. మాంసంలో గ్లూటెన్ ఉండదు. అది గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రొటీన్. సీలియాక్ జబ్బున్నవాళ్ళకి దాంతో పేగు లోపలి పొర దెబ్బతింటుంది.

ఈ సంగతి తెలియని రోజుల్లో ఎందరో పసిపిల్లలు చిక్కి శల్యమైపోయారు. 1924లో న్యూయార్క్ డాక్టర్ సిడ్నీ హాస్ రొట్టె మాన్పించి, అరటిపళ్ళు పెట్టి కొందరిని బతికించారు. కానీ ఆ గుణం అరటిపండుదే అనుకున్నారు.

నెదర్లాండ్స్‌లో పిల్లల డాక్టర్ విల్లెం డికేకి దారి చూపింది, రొట్టె మానేస్తే బిడ్డ తేరుకుంటోందని ఒక తల్లి చెప్పిన మాటేనంటారు. 1944-45 చలికాలంలో, యుద్ధం తెచ్చిన కరువులో రొట్టె కరువైంది. ఆయన అనుమానం మరింత బలపడింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికిచ్చిన సిద్ధాంత గ్రంథంలో దోషం గోధుమదేనని చూపించారు.

అందుకే ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే స్టేక్‌కి భయపడక్కర్లేదు, పక్కనున్నవాటినే చూసుకోవాలి. పెనంలో మిగిలిన రసం చిక్కబడాలంటే మైదా బదులు కార్న్‌ఫ్లోర్ కలపండి. మామూలు సోయాసాస్‌లోనూ గోధుమ ఉంటుంది. చపాతీలు కాల్చే పెనం వాడకండి, వేరే పెనం పెట్టుకోండి. పిల్లలకి ఏది పడటంలేదో ముందు కనిపెట్టేది అన్నం పెట్టే చెయ్యే.