తీరిక గల సేనాపతులు

1964 ప్రాంతమున, న్యూయార్క్ నగరమునకు ఉత్తరమున నున్న వెస్ట్‌చెస్టర్ మండలములో మేబెల్ ఆడిస్ అను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, ఐ.బి.ఎం. సంస్థ ప్రోగ్రామరైన విలియం మెక్కే తోడ్పాటుతో, ప్రాచీన సుమేరియా దేశపు ఆర్థిక జీవనమును పిల్లలకు బోధించుటకై ఒక ఆటను కూర్చెను. తెరపై బొమ్మలాడించు సౌకర్యము ఆనాటి పాఠశాలల కెక్కడిది? గదిని ఆక్రమించునంతటి కంప్యూటరు ఎక్కడనో ఉండగా, దానితో ముడిపడిన టైపు యంత్రమొకటి మాత్రము పిల్లవాని యెదుట నుండెడిది. లగాష్ పట్టణపు రాజు స్థానములో వానిని కూర్చుండబెట్టి, ఈ పంటకాలమున గాదెలకు చేరిన ధాన్యమింత, పోషింపవలసిన జనమింత అని యంత్రము కాగితముపై నివేదించి, తిండికెంత, విత్తనమునకెంత, నిలువకెంత అని ప్రశ్నించును. పిల్లవాడు లెక్క చూచుకొని అంకెలు కొట్టును. అప్పుడు గాని కాలము ముందునకు కదలదు. కదలిన పిమ్మట జనము పెరిగినదో, ఆకటికి మాడినదో, ఏ ఉపద్రవమో వచ్చి ధాన్యమును హరించినదో తెలియవచ్చును. ‘ది సుమేరియన్ గేమ్’ అను నీ ఆట సంగతి తెలిసి 1968లో డగ్ డైమెంట్ దాని పోలికను ఒక చిన్న ఆటను వ్రాయగా, డేవిడ్ ఆల్ దానిని బేసిక్ భాషలోనికి మార్చి 1973లో తన ఆటల పుస్తకములో ‘హమురాబి’ అను పేర అచ్చువేసెను; తరువాతి కాలమున ఇండ్లలో కంప్యూటరు కొన్నవారు పెక్కురు తొలిసారి రాజ్యమేలినది ఆ పుస్తకపు పుటలను చూచి టైపు చేసికొనియే.

ఇందు ముఖ్యమైనది యంత్రము వేచియుండుట. నేడు టర్న్-బేస్డ్ స్ట్రాటజీ అని పిలువబడు వీడియోగేముల కులమంతయు ఆ ఒక్క గుణముమీద నిలిచియున్నది. ఎదుటివాని వంతు ముగియువరకు మనము కదలరాదు. మన వంతు ముగియువరకు శత్రువు, ఎంతటి బలవంతుడైనను, ఆయుధమెత్తిన చేతితో అట్లే నిలువబడియుండవలెను. వ్రేళ్ళ చురుకుదనముతో గెలుచు ఆటలకు అలవాటుపడిన కుర్రవాండ్రకు ఇది మందకొడిగా తోచవచ్చును గాని, ఉద్యోగము ముగించుకొని అలసి వచ్చిన నడివయస్సు గృహస్థునకును, ఎన్నడును గేము ముట్టియెరుగని గృహిణికిని ఈ ప్రపంచములోనికి ఇదియే తగిన ద్వారము. అట్టివారు దేనితో మొదలుపెట్టవలెనని అడిగినప్పుడు, ఎరిగినవారిలో పెక్కురు తడుముకొనకుండ ‘సివిలైజేషన్’ అను ఆట పేరు చెప్పుదురు. ఆ సలహాతో నేనేకీభవింపను. ఈ కళకు కీర్తి తెచ్చినవి మహాసామ్రాజ్యముల ఆటలే యైనను, దానిని నేర్పగలిగినవి చిన్న పటము మీది ఆటలు. ఎందులకో చెప్పుటకు పూర్వకథను కొంత తడవక తప్పదు.

వంశమూలము మన దేశములోనిదే. ఏడవ శతాబ్దమున బాణుడు హర్షచరితమున పేర్కొన్న చతురంగము పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బుల ద్వారా ఐరోపాకును ప్రయాణము చేయుటలో రథగజతురగపదాతులు రూపుమారినవి గాని, వంతులవారీగా ఎత్తువేయు ధర్మము మారలేదు. 1780లో జర్మనీయందలి బ్రన్‌స్విక్‌లో హెల్‌విగ్ అను గణితశాస్త్రజ్ఞుడు అరువదినాలుగు గళ్ళు యుద్ధమునకు చాలవని తలంచి, వెయ్యికి మించిన గళ్ళు గల పలకను చేయించి, రంగులచేత ఒకటి చిత్తడి, ఒకటి కొండ, ఒకటి నది అని వేరుపరచెను. అంతవరకు చదరంగమున ఏ గడియైనను ఒక్కటియే. ఇప్పుడు సైన్యమునకు కాలుమోపిన నేల యొక్క గుణము కూడ లెక్కలోనికి వచ్చినది. 1812లో ప్రష్యా రాజునకు రైస్‌విట్స్ అను ప్రభువు ఇట్టి ఆటబల్లనొకదానిని సమర్పింపగా, ఫిరంగిదళములో లెఫ్టినెంటైన ఆయన కుమారుడు 1824లో గళ్ళను తొలగించి, నిజమైన భూపటములపై ఆడు ‘క్రీగ్‌స్పీల్’ను ప్రకటించెను. అందు ఒక్కొక్క వంతు రణరంగమున రెండు నిమిషములకు సమానము. నష్టములను పాచికలు తేల్చును. ఏ పక్షమునకు ఎంత కనబడునో మధ్యవర్తి నిర్ణయించును. జనరల్ స్టాఫ్ అధిపతియైన మ్యూఫ్లింగ్ దానిని చూచి, ఇది ఆట కాదు, యుద్ధశిక్షణమని మెచ్చి సైన్యమునకు సిఫారసు చేసెను. ఆ మెప్పుదల ఆ యువకునకు చిరకాలపు సుఖమును తేలేదు. 1827లో ఆయన తన్ను తాను కాల్చుకొని మరణించెను.

ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున బొమ్మసైనికులతో నేలమీద ఆడు యుద్ధమునకు నియమములు వ్రాసి, యుద్ధకాంక్ష గలవారు దీనితో తృప్తిపడరాదా అను ధోరణిలో నాలుగు మాటలు చెప్పెను. మరుసటి యేడే ప్రపంచయుద్ధము వచ్చినది.

అటుపై కథ అమెరికాలోని బాల్టిమోరు నగరమునకు చేరును. అచ్చటివాడైన చార్లెస్ రాబర్ట్స్ 1954లో ‘టాక్టిక్స్’ అను అట్టపెట్టె ఆటను అమ్మకమునకు పెట్టి, 1958లో ఆవలాన్ హిల్ సంస్థను నడుపనారంభించి, 1961 నాటి ‘గెట్టిస్‌బర్గ్’ ప్రతిలో చదరపు గళ్ళకు బదులు షట్కోణపు గళ్ళను వాడెను. చదరపు గడినుండి మూలగా పోయినచో దూరమెక్కువ, నేరుగా పోయినచో తక్కువ. షట్కోణమున పొరుగు గళ్ళారును సమదూరమున నుండును. ఇంత చిన్న జ్యామితి ఉపాయము నేటివరకు ఈ ఆటల ముఖచిహ్నమై నిలిచినది. ఆ సంస్థయే 1981లో ఫ్రాన్సిస్ ట్రెషామ్ రచించిన ‘సివిలైజేషన్’ అను బల్లమీది ఆటను అమెరికాలో ప్రకటించెను. అందు పనిచేసిన బ్రూస్ షెల్లీ, తరువాత ఆ నగరపు శివారైన హంట్ వ్యాలీలోని మైక్రోప్రోస్ అను కంప్యూటరు గేముల సంస్థలో చేరి, ఆటల రూపకర్తయైన సిడ్ మైయర్‌కు కుడిభుజమయ్యెను. మైయర్ మొదట తయారుచేసిన నాగరికతల ఆటలో కాలము ఆగక పరుగెత్తెడిది. అప్పటికి ప్రసిద్ధికెక్కిన ‘సిమ్‌సిటీ’ ప్రభావమున, ఆటగాడు స్థలములను కేటాయించి, జరుగుచున్నదానిని చూచుచు కూర్చుండవలసివచ్చెడిది. అది ఆయనకు రుచింపలేదు. కొంతకాలము దానిని ప్రక్కనబెట్టి వేరొక ఆట చేసి, తిరిగి చేపట్టినప్పుడు వంతుల పద్ధతిలోనికి మార్చెను. 1991లో ‘సివిలైజేషన్’ అను పేరుతోనే వెలువడిన ఆ ఆట క్రీస్తునకు పూర్వము 4000 సంవత్సరమున, ఇల్లు లేని వలసదారుతో మొదలై అంతరిక్షనౌక వరకు సాగును. ఇంకొక్క టర్న్ ఆడి పడుకొందమనుకొన్నవారికి తెల్లవారుటయు దానితోనే మొదలు. కాలమును ఆపుటవలన ఆట నీరసపడునని భయపడినవారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను?

ఇక్కడ మన పాఠకుల కొక పిట్టకథ చెప్పక విడువరాదు. ఆ ఆటలో భారతదేశమునకు నాయకుడు గాంధీ. ఆయన కలహశీలమునకు ఆటలోని అంకె ఒకటి మాత్రమేననియు, ప్రజాస్వామ్యము నవలంబించినప్పుడు అందులోనుండి రెండు తీసివేయగా ఋణసంఖ్య నెరుగని యంత్రము దానిని 255గా భావించెననియు, అంతట మహాత్ముడు అణుబాంబులు కురిపింప మొదలుపెట్టెననియు ఒక కథ లోకమున వ్యాపించినది. వినుటకెంత రమ్యముగా నున్నను, అది కట్టుకథ. 2020లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో మైయరే దానిని త్రోసిపుచ్చెను. అయితే 2010 నాటి ఐదవ ‘సివిలైజేషన్’లో గాంధీ అణ్వస్త్రప్రీతికి పదింటికి పన్నెండు అంకెను వినోదార్థము పెట్టిన మాట నిజము. నవ్వవలెనో నొచ్చుకొనవలెనో ఎవరికి వారు తేల్చుకొందురు గాక.

ఇంతటి ఆటను క్రొత్తవారి చేతికి మొదట నీయరాదనుటకు కారణము దాని కష్టము కాదు. దాని ఫలితముల ఆలస్యము. ఆరవ ‘సివిలైజేషన్’లో సాధారణపు వేగమున ఆట ఐదువందల వంతులు సాగును. ఇరువదవ వంతున నగరమును తప్పుచోట కట్టినచో, దాని శిక్ష రెండువందలవ వంతున అనుభవమునకు వచ్చును. అప్పటికి ఆటగాడు మతము, వాణిజ్యము, దౌత్యము, విద్య అను నానావిధ వ్యాపారములలో చిక్కుకొని, ఓడినానని తెలిసికొనును గాని ఎందులకో తెలిసికొనడు. చేసినదానికి ఫలము కన్నులయెదుట కనబడనిచో ఎంత తీరికయున్నను అభ్యాసము సాగదు.

చిన్నపటపు సంప్రదాయము జపానులో పెరిగినది. క్యోటో నగరపు ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థ 1988లో ‘ఫామికామ్ వార్స్’ను, 1990లో ‘ఫైర్ ఎంబ్లమ్’ను రూపొందించెను. రెండవదానిలో మరణించిన వీరుడు మరి తిరిగి రాడు. అందుచేత ఒక్కొక్క ఎత్తునకును బరువు హెచ్చు. మొదటిదాని సంతతియైన ‘అడ్వాన్స్ వార్స్’ బొమ్మల వంటి ట్యాంకులతో, చిరునవ్వుల సేనాధిపతులతో, పసివానికి సైతము బోధపడునట్లు పాఠము చెప్పుటలో అద్వితీయము. దాని జాతకము మాత్రము విచిత్రము. అమెరికాలో అది విడుదలయైనది 2001 సెప్టెంబరు 10వ తేదీన. మరునాటి ఘోరముతో ఐరోపా విడుదల మరుసటి యేటికి జరుగగా, స్వదేశమైన జపానులో 2004 వరకు వెలుగు చూడనే లేదు. స్విచ్ అను గేముల యంత్రము కొరకు తిరిగి చేసిన ప్రతి 2022లో రావలసియుండగా, యుక్రెయిన్ యుద్ధముచేత మరల ఆగి, 2023 ఏప్రిలులో వెలువడినది. ఆ యంత్రము గలవారు నిస్సంశయముగా దానితో మొదలుపెట్టవచ్చును. మన ఇండ్లలో అది అరుదు.

ఇంగ్లండున జూలియన్ గాలప్ సోదరులు 1994లో చేసిన ‘ఎక్స్-కామ్’, దానికి 2012లో వచ్చిన పునఃసృష్టి, రెండును ఉత్తమములే. కాని అందు గురి తప్పదని 95 శాతము హామీ యిచ్చిన తుపాకి గురి తప్పుటయు, ముద్దుపేరు పెట్టి పెంచుకొన్న సైనికుడు ఆ ఒక్క తప్పిదముతో కూలుటయు ఉన్నవి. సంభావ్యతాశాస్త్రముతో కలహించు ఓపిక కుదిరిన తరువాతనే అటు పోవలెను.

కావున నా మొదటి సిఫారసు 2018లో వచ్చిన ‘ఇన్‌టు ద బ్రీచ్’. జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అను నిద్దరు స్థాపించిన సబ్‌సెట్ గేమ్స్ అను చిన్న సంస్థ చేసిన ఈ ఆట పటము ఎనిమిది గళ్ళ పొడవు, ఎనిమిది గళ్ళ వెడల్పు: హెల్‌విగ్ చాలవని త్రోసివేసిన ఆ అరువదినాలుగు గళ్ళే! నేలను చీల్చుకొని వచ్చు మహాకీటకములనుండి నగరములను కాపాడుటకు మీకున్నవి మూడు యంత్రములు మాత్రమే. మన పల్లెల అరుగులమీద గీసికొని ఆడు పులిజూదమున మూడు పులులు పదునైదు మేకలతో ఎట్లు వేగవలెనో, ఇచ్చటను అట్లే కొద్దిమంది పెక్కురతో వేగవలెను. అయితే ఇక్కడ చంపుటకంటె త్రోయుట ముఖ్యము. ప్రతి శత్రువును తాను తరువాత ఎవరిని కొట్టబోవునో ముందుగానే చూపించును. ఆ సంగతి తెలిసికొని, దానిని ఒక గడి ప్రక్కకు నెట్టినచో, భవనముమీద పడవలసిన దెబ్బ సాటి కీటకముమీదనే పడును; నీటిలోనికి నెట్టినచో నేలమీది పురుగు మునిగిపోవును. దాచినది దాదాపు ఏమియు లేదు, అదృష్టమునకు చోటు మిక్కిలి స్వల్పము, యుద్ధము సాధారణముగా ఐదు వంతులలో ముగియును. ఓడినచో తప్పెవరిదో, ఏ ఎత్తులోనిదో స్పష్టముగా తెలియును; యుద్ధమున కొక్కసారి వంతునంతటిని వెనుకకు త్రిప్పుకొను అవకాశమును కలదు. మొదటి వంతులో పావుగంట ఆలోచించినను సిగ్గుపడనక్కరలేదు. ఆట పరమార్థమే అది.

తదుపరి ‘బాటిల్ ఫర్ వెస్‌నాత్’. 2003లో డేవిడ్ వైట్ ప్రారంభించి, నేటికిని స్వచ్ఛందసేవకులు నడుపుచున్న ఈ ఆటకు కంప్యూటరుపై కాసు చెల్లింపనక్కరలేదు. పాత యంత్రములపైనను నడచును. షట్కోణపు గళ్ళు, బంగారము పెట్టి సైన్యమును కూర్చుకొనుట, అడవిలో నిలిచినవానికి రక్షణ యెక్కువ, పైరుభూమిలో తక్కువ అను నియమములు, వీటన్నిటికిని మించి పగలు రాత్రుల భేదము ఇందలి విశేషములు: ధర్మపక్షపు మనుష్యసైన్యము పగటియందు బలవంతము, పిశాచసైన్యము రాత్రియందు. అందుచేత ప్రొద్దుగ్రుంకుచుండగా వెనుకకు తగ్గి, తెల్లవారగానే ముందునకు దూకుట అను ప్రాచీన యుద్ధనీతి తనంత తాను అలవడును. క్రొత్తవారికై వ్రాసిన ‘ఏ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్’ కథలో నాలుగే ఘట్టములు, అటనుండి ఆరంభింపుడు. ఒకే కంప్యూటరు ముందు తండ్రీకొడుకులు వంతులవారీగా కూర్చుండి ఆడు వీలును కలదు. చేత ఫోను తప్ప వేరే యంత్రము లేనివారు స్వీడనునుండి 2016లో వచ్చిన ‘పాలిటోపియా’ను పట్టుకొనవచ్చును, అందలి పర్‌ఫెక్షన్ పద్ధతిలో ఆట ముప్పది వంతులలో సమాప్తము, సామ్రాజ్యపు రుచి మాత్రము పూర్ణముగా దొరకును.

ఈ మెట్లు ఎక్కినవారు ఇక ఆరవ ‘సివిలైజేషన్’లో నిర్భయముగా ప్రవేశింపవచ్చును. తొలి ఆటకు అతి చిన్న పటమును, అన్నిటికంటె సులభమైన స్థాయిని ఎన్నుకొనుడు. అదనపు సంపుటములు జత చేయకుడు. ఉత్తమస్థలమును వెదకుచు వలసదారుని పటమంతట త్రిప్పుట క్రొత్తవారి కెల్లరకు గల చాపల్యము. అట్లు పోగొట్టిన వంతులలో పొరుగురాజు అప్పుడే రెండవ నగరమునకు మనుష్యులను సిద్ధపరచుచుండును. ప్రక్కన మంచినీటి నదియున్నచో, నిలిచిన గడిలోనే, మొదటి వంతులోనే రాజధాని కట్టుడు.