పాత కారులో వెలిగి ఆరిపోయే ఇంజిన్ లైటు: పార్టు మార్చే ముందు ఏం చూడాలి?

రాజమహేంద్రవరం: వాన పడిన మర్నాడు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతుంది. బండిలో మిస్సింగ్ వస్తుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి లైటు ఆరిపోయి ఉంటుంది. మెకానిక్ చూసి "ఏమీ లేదండి" అంటాడు. వారం తిరక్కుండానే మళ్లీ అదే లైటు. ఈలోపు ఒక సెన్సార్ మారుస్తారు, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత బ్యాటరీ. బిల్లు పెరుగుతుంది గానీ లైటు పోదు. పదేళ్లు దాటిన కారు ఉన్న ఇళ్లలో ఇది తెలిసిన కథే.

మా మామూ కారుకీ ఇదే జరిగింది. రెండు సెన్సార్లు, ఒక కాయిల్ మార్చాక తేలింది ఏమిటంటే, ఇంజిన్‌కి బాడీకి మధ్య ఉండే ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు పట్టి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగించారు, అంతే. పాత కార్లలో వచ్చిపోయే ఫాల్టులకు చాలాసార్లు ఇలాంటి చిన్న కారణమే ఉంటుంది. అందుకే ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

మన డెల్టాలో ఈ బాధ ఎందుకు ఎక్కువ?

కరెంటు సవ్యంగా పారాలంటే జాయింటు శుభ్రంగా, బిగువుగా ఉండాలి. మన గాలిలో తేమ ఎక్కువ. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. దీంతో రాగి తీగలకు పచ్చటి చిలుము, ఇనుప బోల్టులకు తుప్పు పడతాయి. పొడిగా ఉన్నప్పుడు పనిచేసే జాయింటు తడిస్తే మొరాయిస్తుంది. వేడెక్కితే ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఫాల్టు వచ్చి పోవడానికి అసలు కారణం ఇదే.

ఎలుకల సంగతి వేరే చెప్పాలా? వరి కోతల తర్వాత పొలాల్లో తిండి తగ్గితే ఇళ్ల వైపు వస్తాయి. రెండు మూడు రోజులు కదలని కారు బానెట్ కింద దూరి వైర్లు కొరుకుతాయి. వైరు పూర్తిగా తెగితే వెంటనే దొరుకుతుంది. సగం కొరికి వదిలేసిందే నెలల తరబడి ఏడిపిస్తుంది.

ఏ రంగు లైటుకు ఏం చేయాలి?

ఎరుపు రంగు అంటే ఆపమని. ఆయిల్ లైటు గానీ, ఇంజిన్ వేడి లైటు గానీ ఎర్రగా వెలిగితే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకుంటే ఇంజిన్ పని పెట్టుకోవాల్సి వస్తుంది. ఎర్రటి బ్యాటరీ లైటు వెలిగిందంటే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం. కొన్ని బండ్లలో వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి బెల్టు తెగిందేమో ముందు చూడాలి.

పసుపు ఇంజిన్ లైటు నిలకడగా ఉంటే మెల్లగా నడుపుకుంటూ షెడ్డుకు వెళ్లొచ్చు. అదే లైటు ఆగి ఆగి మెరుస్తూ ఉంటే తీవ్రమైన మిస్సింగ్ ఉన్నట్టు. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అది చాలా ఖరీదైన పార్టు. అలాంటప్పుడు బండి ఆపడమే మంచిది.

ఇంకో మాట. తాళం తిప్పి స్టార్ట్ చేయకముందు ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే బల్బు పోయి ఉండొచ్చు, లేదా ఫాల్టు కనపడకుండా ఎవరో తీసేసి ఉండొచ్చు.

ముందు ఒక పుస్తకం పెట్టండి

కొట్టు లెక్కలు రాసినట్టే కారుకీ ఖాతా రాయండి. లైటు ఎప్పుడు వెలిగింది? వానలోనా, ఎండలోనా? బండి చల్లగా ఉందా, గంట నడిచాక వేడిగా ఉందా? గతుకులో పడినప్పుడా, ఏసీ వేసినప్పుడా, హెడ్‌లైట్లు వేసినప్పుడా? నాలుగైదుసార్లు రాస్తే దారి దొరుకుతుంది.

తడిలో మాత్రమే వస్తే ప్లగ్ వైర్లు, కాయిల్, కప్లర్లు చూడాలి. వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సార్, కాయిల్, ఫ్యూయల్ పంపు రిలే మీద అనుమానం. గతుకుల్లో వస్తే లూజు కాంటాక్ట్. లైట్లు, ఏసీ వేసినప్పుడు వస్తే బ్యాటరీ, డైనమో, ఎర్త్.

మీటరుతో కొలవాల్సినవి

చిన్న డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టుకుని ఈ కొలతలు తీయండి.

• రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉంది.
• సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. పడితే బ్యాటరీ బలహీనం, లేదా సెల్ఫ్ మోటారు ఎక్కువ లాగుతోంది.
• ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 13 దాటకపోయినా, 15 దాటినా డైనమో చూపించాలి.
• ఎర్త్ పరీక్ష: మీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల వరకు మామూలే. 0.5 దాటితే ఎర్త్ బాగోలేనట్టే.

చివరి పరీక్ష చాలామంది చేయరు. ఎర్త్ పాడైతే సెన్సార్లన్నీ తప్పు లెక్క చెబుతాయి. ఒకేసారి సంబంధం లేని నాలుగు లైట్లు వెలిగాయంటే నాలుగు పార్టులూ ఒకే రోజు పోయాయని కాదు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ గానీ, సప్లై గానీ పోయిందని.

స్కానర్ కోడ్ ఏం చెబుతుంది?

బీఎస్-4 నిబంధనలు 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటా వచ్చాయి. కార్లలో ఓబీడీ అనే స్వీయ పరీక్ష వ్యవస్థ వీటితోనే తప్పనిసరి అయ్యింది. అందుకే ఒకే ఏడాది మోడల్ అయినా రెండు కార్లు ఒకలా ఉండకపోవచ్చు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ చాలా కార్లలో పనిచేస్తుంది. మరీ పాత బండ్లకు కంపెనీ స్కానరే కావాలి.

తరచూ కనిపించే కోడ్‌లు ఇవి:

• పి0300: ఏదో ఒక సిలిండర్ అని కాకుండా మిస్సింగ్. పి0301 నుంచి పి0304 వరకు చివరి అంకె సిలిండర్ నంబరు.
• పి0171: గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. పగిలిన గాలి పైపు చూడాలి.
• పి0335: క్రాంక్ సెన్సార్ సర్క్యూట్.
• పి0562: సిస్టం వోల్టేజీ తక్కువ. ముందు బ్యాటరీ, డైనమో, ఎర్త్.
• పి0420: క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు తగ్గింది. సైలెన్సర్ లీకు ఉన్నా, ఆక్సిజన్ సెన్సార్ పోయినా ఇదే రావచ్చు.

కోడ్ అనేది పార్టు పేరు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే అడ్రసు. పి0335 వస్తే సెన్సారే పోయిందని కాదు, దాని వైరు, కప్లర్ కూడా చూడాలి. ఒక్కో ప్లగ్‌కి ఒక్కో కాయిల్ ఉన్న బండిలో పి0301 వస్తే ఒకటో కాయిల్‌ని రెండో దానితో మార్చి పెట్టండి. కోడ్ పి0302కి మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, వైరింగ్ చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

కోడ్ చదవకముందు బ్యాటరీ వైరు పీకొద్దు. చాలా బండ్లలో కోడ్‌తో పాటు ఫాల్టు వచ్చిన క్షణంలో స్పీడు, వేడి ఎంత ఉన్నాయో కూడా నమోదై ఉంటుంది. వైరు తీస్తే ఆ సాక్ష్యం పోతుంది.

కదిపి చూడండి

ఇంజిన్ నడుస్తుండగా బెల్టు, ఫ్యాన్‌లకు దూరంగా ఉంటూ కప్లర్లను, వైర్ల కట్టలను ఒక్కొక్కటిగా మెల్లగా కదపండి. ఎక్కడ ముట్టుకుంటే ఇంజిన్ తడబడుతుందో అక్కడే ఫాల్టు. ప్లగ్ వైర్లను మాత్రం చేత్తో పట్టుకోకండి, గట్టి షాక్ కొడుతుంది. వాటిని రాత్రి చీకట్లో కొంచెం నీళ్లు చిలకరించి దూరం నుంచి చూస్తే, కరెంటు బయటికి దూకే చోట నీలం మెరుపు కనిపిస్తుంది.

తర్వాత బయట వేయించిన వైరింగ్ చూడండి. మ్యూజిక్ సిస్టం, ఫాగ్ లైట్లు, రివర్స్ కెమెరా, గ్యాస్ కిట్ కోసం వైరు కోసి టేపు చుట్టిన ప్రతి జాయింటూ అనుమానితమే. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్ద ఫ్యూజు గానీ, రాగి తీగ గానీ పెట్టొద్దు. ఫ్యూజు బదులు వైరే కాలుతుంది, బండి అంటుకుంటుంది.

తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే, తాళం తీసి తలుపులు మూసి అరగంట ఆగాక బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలిపించండి. 50 మిల్లీ ఆంపియర్లకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటి తీస్తూ చూడాలి. ఏది తీస్తే తగ్గుతుందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు.

వరద నీళ్లలో మునిగిన కారు

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు సీటు దాకా వచ్చిన కారుని ఎప్పుడూ స్టార్ట్ చేయకూడదు. బ్యాటరీ నెగటివ్ తీసేసి టోయింగ్ చేయించాలి. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని మామూలు పాలసీలో ఈ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. కార్పెట్ల కింద కప్లర్లలో మిగిలిన తడి నెలల తర్వాత చిలుముగా బయటపడుతుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు కార్పెట్ ఎత్తి, సీటు బోల్టుల దగ్గర బురద మరకలు ఉన్నాయేమో చూడాలి.

షెడ్డులో అడగాల్సిన మూడు ప్రశ్నలు

కోడ్ నంబరు ఎంత? ఆ పార్టే పోయిందని ఏ కొలతతో తేల్చారు? మార్చిన పాత పార్టు నాకు ఇస్తారా? పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఈ ప్రశ్నలకు కోప్పడడు. మీరు రాసుకున్న పుస్తకం చూపిస్తే అతని పని కూడా సగం తగ్గుతుంది. రెండు గంటలు వెతికి ఒక్క బోల్టు బిగించినా ఆ వెతికిన శ్రమకు కూలి ఇవ్వండి. అక్కర్లేని సెన్సార్ ఖరీదుతో పోలిస్తే అది ఎప్పుడూ తక్కువే.